లగ్గం చీర మగ్గం దగ్గర మొదలవ్వాలి



తుర్కయంజాల్‌లో, ఆ మాటకొస్తే సాగర్ రోడ్డు పొడవునా బి.ఎన్.రెడ్డి నగర్ నుంచి రాగన్నగూడ దాకా, ఇంట్లో ఆడపిల్ల లగ్గం కుదిరిందంటే పనులన్నీ ఒక వరసలో నడుస్తాయి. ముందు అయ్యగారి దగ్గర ముహూర్తం. ఆ వెంటనే ఫంక్షన్ హాలు. మంచి ముహూర్తం ఉన్న రోజున హాలు దొరకడం కష్టం కాబట్టి దానికి అందరం పరుగెత్తుతాం. తర్వాత వంటవాళ్లు, ఫొటోలవాళ్లు, పూల పందిరి. కార్డులు కూడా అచ్చుకిచ్చాక, "ఇక బట్టలొక్కటే మిగిలాయి" అనుకుంటాం. ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ బయలుదేరి, ఎల్బీనగర్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, నాలుగైదు అంతస్తుల దుకాణాలు ఎక్కి దిగి, సాయంత్రానికి అందరి కాళ్లూ పీకుతున్నప్పుడు ఎవరో ఒక పెద్దావిడ "ఇదే బాగుంది, ఇదే ఇప్పించండి" అన్న చీర తెచ్చుకుంటాం. పెళ్లిలో పిల్ల ఒంటి మీద రోజంతా ఉండేది, ఆల్బంలో తరతరాలు కనిపించేది ఆ చీరే. దానికి మనం ఇచ్చిన సమయం మాత్రం ఒక్క పూట.

దుకాణంలో కొనడం తప్పని నేను అనను. మంచి దుకాణంలో మంచి చీర దొరుకుతుంది. కానీ ఈమధ్య చాలామంది అమ్మాయిలు "నా పెళ్లి చీర నాకోసమే నేయించుకోవాలి, నా జాకెట్టు నాకోసమే కుట్టించుకోవాలి" అంటున్నారు. ఆ కోరిక నాకు ఎంతో ఇష్టం. అది గొప్పలకు పోవడమని కొందరు పెద్దవాళ్లు కసురుతారు. మన అమ్మమ్మల కాలంలో ఊరి సాలెవారికి చెప్పి బట్ట నేయించుకోవడం మామూలు పద్ధతే కదా. పిల్లలు ఆ పద్ధతినే మళ్లీ అడుగుతున్నారు. పైగా మనం ఉన్నచోటు అలాంటి కోరికకు అనువైన చోటు. తుర్కయంజాల్ నుంచి బొంగుళూరు గేటు దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, పెద్దఅంబర్‌పేట దగ్గర దిగి, విజయవాడ హైవే మీద కొంత దూరం పోయి ఎడమకు తిరిగితే భూదాన్ పోచంపల్లి. అదే హైవే మీద ఇంకా ముందుకు పోతే కొయ్యలగూడెం. కుడి పక్కకు లోపలికి వెళితే పుట్టపాక. దేశమంతా పేరున్న మగ్గాలు మనకు గంటన్నర దారిలో ఉన్నాయి. అయితే నేయించుకోవడం, కుట్టించుకోవడం అంటే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలిసి ఉండాలి. ఈ పూట దాని గురించి మాట్లాడతాను.

మొట్టమొదట ఇంట్లో తేల్చుకోవాల్సింది: ఏ చీర ఏ ఘట్టానికి? పెళ్లికూతుర్ని చేసేటప్పుడు ఒకటి, గౌరీపూజకు ఒకటి, జీలకర్రబెల్లం వేళకు ఒకటి, తలంబ్రాలకు తెల్లబట్ట మీద ఎర్రంచు మధుపర్కాలు, అప్పగింతలకు ఇంకొకటి, రిసెప్షన్‌కి వేరే. కొన్ని ఇళ్లలో గౌరీపూజ చీర మేనమామ పెట్టాలి. కొన్ని ఇళ్లలో పుస్తె కట్టే వేళకు అత్తగారు పెట్టిన చీరే కట్టాలి. ఈ ఆనవాయితీలు కులాన్ని బట్టి, ఊరిని బట్టి, ఒక్కోసారి ఇంటిని బట్టి మారతాయి. నల్గొండ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఇంటి పద్ధతి వేరు, గుంటూరు నుంచి వచ్చినవాళ్ల పద్ధతి వేరు. మనం ఎంతో మోజుపడి పుస్తె కట్టే వేళకని నేయించిన చీర చివరికి అప్పగింతల్లో కట్టాల్సి వస్తే పిల్ల మనసు చివుక్కుమంటుంది. కాబట్టి వియ్యాలవారిని ముందే మర్యాదగా అడగండి. "వదినగారూ, మీ వైపు ఏ చీర ఏ వేళకు పెడతారు?" అంటే ఎవరూ తప్పు పట్టరు.

అది తేలాక, ఒక్క చీర ఎంచుకోండి. ఒక్కటే. అన్నింటినీ చెప్పి చేయించుకోవాలనుకుంటే డబ్బుతో పాటు మనసూ అరిగిపోతుంది. పిల్ల ఎక్కువసేపు కట్టుకునే చీర, ఆమె మళ్లీ మళ్లీ కట్టుకోవాలనుకునే చీర ఏదో, దాన్ని నేయించండి. రిసెప్షన్ లెహంగా, గౌను లాంటివి ఒక రాత్రి వేసుకుని బీరువాలో పెట్టేవి. వాటికి అద్దె దుకాణాలు ఎల్బీనగర్ చుట్టుపక్కలే ఉన్నాయి. అద్దెకు తెచ్చుకోవడం చిన్నతనం ఏమీ కాదు. ఆ మిగిలిన డబ్బు చీర మీద పెడితే అది మనతో ఉంటుంది.

ఎవరు ఎంచాలి? పెళ్లికూతురు. ఇది చెప్పాల్సిన అవసరం లేదనుకుంటాం గానీ, ఉంది. ఆదిభట్లలోనో, హైటెక్ సిటీలోనో ఉద్యోగం చేసే అమ్మాయి రాత్రి ఇంటికొచ్చేసరికి అలసిపోయి ఉంటుంది. అమ్మ, మేనత్త, వదిన దుకాణంలో కూర్చుని వీడియో కాల్‌లో చీర చూపిస్తారు. ఫోన్‌లో మెరూన్ ఎరుపులా కనిపిస్తుంది, ఆకుపచ్చ నల్లగా కనిపిస్తుంది. "సరే అమ్మా, మీ ఇష్టం" అంటుంది ఆ పిల్ల. ఒక సెలవు పెట్టించి అయినా సరే, ఆమెను మగ్గం దాకా తీసుకెళ్లండి. తన చీర మీద తన కళ్లు, తన వేళ్లు పడాలి.

ఇక ఏ నేత? మనవాళ్లు పెళ్లంటే కంచిపట్టు అని అలవాటు పడ్డారు. ఆ నేత గొప్పదే, అందులో సందేహం లేదు. కానీ ముందు ఋతువు చూడండి. వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం ముహూర్తానికి, హోమం ముందు కూర్చునే పిల్లకు నిండు జరీ బరువు చీర కట్టిస్తే ఆమె ముఖంలో కళ కన్నా చెమట ఎక్కువ కనిపిస్తుంది. అలాంటి వేళకు గద్వాల చీర ఉంది. ఒడలంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచును ఒడలితో కలిపే పని అక్కడి మగ్గాల ప్రత్యేకత. చూడటానికి పెళ్లి కళ, కట్టడానికి తేలిక. పూర్తి పట్టులోనూ అక్కడ నేస్తారు. చెప్పి నేయించడం అన్నది ఆ ఊరికి ఎంత పవిత్రమైన విషయమో తెలియాలంటే ఒక్కటి చెబుతాను. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు శ్రీవారికి గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళతాయి. సంస్థానం కాలం నుంచి వస్తున్న సంప్రదాయం అది. నేసేవాళ్లు మండలదీక్ష పట్టి, నియమంగా మగ్గం మీద కూర్చుంటారు. ఎవరు కట్టుకుంటారో తెలిసి నేసే బట్టలో ఉండే శ్రద్ధ అది. మన పిల్ల చీర దేవుడి పంచె కాకపోవచ్చు. కానీ "ఇది ఫలానా అమ్మాయి లగ్గానికి" అని తెలిసి నేసే చేతికీ, గోడౌన్‌కి పంపడానికి నేసే చేతికీ తేడా ఉంటుందని నేను నమ్ముతాను.

పోచంపల్లి దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ నేత పని తెలియకుండా ఆర్డరు ఇవ్వడం వల్లే ఎక్కువ మనస్పర్థలు వస్తాయి.

పోచంపల్లి చీరలో డిజైను బట్ట మీద వేసేది కాదు, నూలు మీదే వేసేది. ముందు నూలును ఆసు పోస్తారు. అంటే అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోగు తర్వాత పోగు తిప్పుతారు. ఆ దారం మీద డిజైను గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో గట్టిగా కడతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు, ఇలా నేసిన బట్టే ఇకత్. లేత రంగులో ముంచుతారు, ఆరబెడతారు, ఇంకోచోట కడతారు, ముదురు రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. అప్పుడు మగ్గం మీదికి వస్తుంది. ఆసు పోయడం ఎంత కష్టమో చెప్పడానికి చింతకింది మల్లేశం గారి కథ చాలు. ఒక్క చీరకు ఆసు పోయడానికి తన తల్లి లక్ష్మి గారి చెయ్యి దాదాపు 9,000 సార్లు కదలాలి. ఆమె భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి తల్లి పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చిటికి కట్టాక "ఆ నెమలి కొంచెం పెద్దదిగా ఉంటే బాగుండేది, ఆ గులాబీ కాస్త తగ్గించండి" అని వాట్సాప్‌లో పంపితే ఆ ఇంటి ఆడవాళ్లు చేసిన పనంతా నీళ్లపాలు. మార్పులన్నీ నూలు రంగులో ముంచకముందే చెప్పాలి. కాగితం మీద, కొలతలతో, రంగు ముక్క అంటించి ఇవ్వాలి. "బాటిల్ గ్రీన్" అని నోటితో చెబితే మీ గ్రీన్ వేరు, వారి గ్రీన్ వేరు. ఒక దారం ముక్కో, పాత బట్ట ముక్కో పట్టుకెళ్లండి.

రెండో సంగతి, పడుగు. పడుగంటే మగ్గం మీద నిలువుగా పరిచే నూలు. ఒక్క చీర కోసం పడుగు పరచడం నేతవారికి గిట్టుబాటు కాదు. ఆరేడు చీరలకు సరిపడా ఒకేసారి పరుస్తారు. అందుకే "నాకొక్క చీర చాలు" అని వెళితే చాలామంది ముఖం అదోలా పెడతారు. దీనికి రెండు దార్లున్నాయి. మొదటిది, "ఇప్పుడు మగ్గం మీద ఏ పడుగు ఉంది?" అని అడగడం. ఉన్న పడుగుకు నప్పే పేక రంగు, పేకలో డిజైను మనం ఎంచుకోవచ్చు. పేక అంటే అడ్డంగా నడిచే నూలు. పేకలో వేసే చిటికి ఒక్కో చీరకు ఒక్కో రకంగా ఉండొచ్చు, కొంగు కూడా మార్చుకోవచ్చు. అదే పడుగు, పేక రెండింటిలో చిటికి ఉండే డబుల్ ఇకత్ అయితే ఈ వెసులుబాటు ఉండదు. ఎర్ర పడుగు మీద ఆకుపచ్చ పేక వేస్తే వచ్చే మెరుపు, రెండూ విడివిడిగా చూసినప్పుడు మన ఊహకు అందదు. అందుకని రంగుల కలయికను నేసిన గుడ్డలోనే చూడండి, దారపు కండెల్లో చూసి తేల్చొద్దు.

రెండో దారి నాకు మరీ ఇష్టం. పడుగంతా మనమే తీసుకోవడం. పెళ్లి చీర ఒకటి, అమ్మకొకటి, పెద్దమ్మకొకటి, అక్కకొకటి, మేనత్తకొకటి, వియ్యపురాలికి పెట్టేదొకటి. ఎలాగూ ఆ ఇంటి పెళ్లికి ఈ చీరలన్నీ కొంటాం కదా! పడుగు రంగు అందరికీ ఒకటే, పేక రంగు ఎవరిది వారిది. పెళ్లికూతురి చీరకు నిండు చిటికి, మిగతావాటికి తేలికపాటి డిజైను. పందిట్లో అక్కచెల్లెళ్లు నిలబడితే ఒకే మగ్గం బట్ట అని తెలుస్తుంది, ఎవరి చీర వారిదిగానూ ఉంటుంది. నేతవారికి ఒక పడుగు పని ఒకే ఇంటి నుంచి దొరుకుతుంది. విడివిడిగా దుకాణాల్లో కొన్న ఖర్చుతో పోల్చి చూసుకోండి, తర్వాత నిర్ణయం మీది.

కొలత గురించి కూడా ఒక మాట. మామూలు చీర పొడవు అయిదున్నర మీటర్లు, పైన జాకెట్టు గుడ్డ. పొడుగు అమ్మాయికి, ఒళ్లున్న అమ్మాయికి కుచ్చిళ్లు సరిపోక ఇబ్బంది పడటం చూస్తూనే ఉంటాం. నేయించుకుంటే పొడవు పెంచమని అడగొచ్చు, అది తేలిక. వెడల్పు మాత్రం ఆ మగ్గానికి ఎంతుందో అంతే. కాబట్టి పొడుగు పిల్ల అయితే వెడల్పు మగ్గం ఎవరి దగ్గరుందో ముందే అడగాలి. ఈ సౌకర్యం ఏ దుకాణమూ ఇవ్వలేదు. నేయించుకోవడంలో అసలు లాభం ఇక్కడుంది.

సమయం ఎంత పడుతుంది? నూలు తెప్పించడం దగ్గర్నుంచి చీర చేతికి వచ్చేదాకా తక్కువలో తక్కువ రెండు నెలలు అనుకోండి. డబుల్ ఇకత్ అయితే ఇంకా ఎక్కువ. వానాకాలంలో రంగేసిన నూలు ఆరదు, గుంట మగ్గాల్లో చెమ్మ చేరుతుంది, పని వెనకబడుతుంది. మాఘమాసంలో లగ్గం అనుకుంటే దసరాకల్లా ఆర్డరు మగ్గం మీద ఉండాలి. వైశాఖంలో అయితే సంక్రాంతికల్లా. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి దర్జీలూ, జాకెట్ల మీద మగ్గం వర్కు చేసేవాళ్లూ కాస్త ఖాళీగా ఉంటారు. శ్రావణం వచ్చిందంటే ఇక వాళ్లు తలెత్తరు. మన పెళ్లి ఎప్పుడున్నా, జాకెట్టు మాట్లాడుకునేది ఆ ఖాళీ రోజుల్లో అయితే మన మాట శ్రద్ధగా వింటారు.

పోచంపల్లి వెళితే ఎవరి దగ్గరికి వెళ్లాలి అని మీకు సందేహం రావచ్చు. ఆ ఊరికి బయటివాళ్లు రావడం కొత్త కాదు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ప్రపంచంలోని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా దాన్ని ఎంపిక చేసింది. చేనేత సహకార సంఘం ఉంది, దుకాణాలు వరసగా ఉన్నాయి, కనుముక్కులలో చేనేత పార్కు ఉంది. చాలామంది నేతన్నలు మాస్టర్ వీవర్ దగ్గర కూలికి నేస్తారు. కాబట్టి మగ్గం మీద ఉన్న మనిషితో చాటుగా బేరం పెట్టి ఆయన్ను ఇరకాటంలో పెట్టకండి. ఆర్డరు ఎవరు తీసుకుంటారో అడిగి, వాళ్లతోనే మాట్లాడి, "నేసేవారిని కూడా ఒకసారి చూడాలి" అనండి. సంతోషంగా చూపిస్తారు.

నకిలీల సంగతి. పోచంపల్లి ఇకత్‌కు 2004–05లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అదే ఇకత్ పనితో నేసే తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. చీరలు సహా కొన్ని రకాల బట్టను చేనేతకే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చింది. అయినా పోచంపల్లి డిజైనును అచ్చుగుద్దిన బట్ట మార్కెట్లో కుప్పలుగా ఉంది. గుర్తుపట్టడం కష్టం కాదు. చీర తిరగేసి చూడండి. అసలు ఇకత్‌లో రంగు రెండు వైపులా ఒకే రకంగా ఉంటుంది, డిజైను అంచులు కొద్దిగా చెదిరినట్టు మెత్తగా ఉంటాయి. అచ్చు బట్టలో గీత కత్తిరించినట్టుంటుంది, వెనక వైపు వెలిసిపోతుంది. సిల్క్ మార్క్ చీటీ 2004 నుంచి, హ్యాండ్లూమ్ మార్క్ 2006 నుంచి ఉన్నాయి. ఈ రెండింటికీ తేడా చాలామందికి తెలియదు. మొదటిది పట్టు స్వచ్ఛమైనదని చెబుతుంది, మగ్గం మీద నేశారని చెప్పదు. రెండోది చేనేత అని చెబుతుంది. పెళ్లి చీరకు రెండూ అడగండి. చీర కొసన వేలాడే పోగులు రెండు తీసి కాల్చి చూస్తే, అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద నలిగిపోతుంది. పాలిస్టర్ కరిగి ముద్దగా గట్టిపడుతుంది.

మనం నేయించుకునే ఒక్క చీర వల్ల ఏమవుతుంది అని అడిగేవాళ్లున్నారు. వాళ్లకు ఒక పాత పెళ్లి ముచ్చట చెబుతాను. 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి పెళ్లాడినప్పుడు, యంత్రాల లేసు వచ్చి చేతి లేసు అల్లేవాళ్లు పనిలేక అల్లాడుతున్నారు. ఆమె తన పెళ్లి గౌనుకు డెవన్ ప్రాంతంలో చేత్తో అల్లిన హోనిటన్ లేసు చేయించుకుంది. గౌను పట్టు లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లది. ఆ పెళ్లి తర్వాత ఆ లేసుకు గిరాకీ పెరిగింది, తెల్ల గౌను పెళ్లిబట్టగా దేశదేశాలకు పాకింది. ఇవాళ మన వనస్థలిపురం, హయత్‌నగర్ చర్చిల్లో మన క్రైస్తవ పెళ్లికూతుళ్లు కట్టే తెల్ల పట్టుచీరలో కూడా దాని ఛాయ ఉంది. రాణి అంత పలుకుబడి మనకు లేదు. కానీ పెళ్లికూతురి చీరను పందిట్లో ఉన్న ప్రతి ఆడపిల్లా చూస్తుంది, "ఎక్కడ నేయించావక్కా?" అని అడుగుతుంది.

ఇక జాకెట్టు. నిజానికి పెళ్లిళ్లలో చీర కన్నా జాకెట్టు దగ్గరే ఎక్కువ కన్నీళ్లు చూశాను. మాసబ్ చెరువు చుట్టూ వెలసిన కాలనీల్లో బొటిక్ బోర్డులకు కొదవ లేదు. కొందరు చాలా నేర్పరులు. అయితే ఈ పనిలో వరస తప్పితే ఎంత నేర్పరి అయినా చేసేదేమీ ఉండదు.

మగ్గం వర్కు ఎలా చేస్తారంటే, గుడ్డను కత్తిరించకముందే దాని మీద మెడ, చేతులు, వీపు గీసి, కర్ర చట్రానికి బిగించి, సన్నటి కొక్కెం సూదితో జరీ, పూసలు, కుందన్లు కుడతారు. అది అయ్యాకే కత్తిరించి జాకెట్టుగా కుడతారు. అంటే వర్కు మొదలయ్యే రోజుకే మెడ ఎంత లోతు, వీపు ఎంత వెడల్పు, చెయ్యి మోచేతి దాకానా, పైకా అన్నీ ఖాయం కావాలి. వర్కు అయ్యాక "మెడ ఒక అంగుళం పైకి" అంటే జరగదు. అందుకని ముందు అదే కొలతలతో మామూలు కాటన్ గుడ్డలో ఒక జాకెట్టు కుట్టించండి. ఖర్చు కొద్దిగానే అవుతుంది. దాన్ని వేసుకుని ఇంట్లో ఒక పూటంతా తిరగమనండి. కింద బాసింపట్టు వేసి కూర్చోమనండి. రెండు చేతులూ తల పైకెత్తమనండి. జీలకర్రబెల్లం పెళ్లికొడుకు తల మీద పెట్టాలి, తలంబ్రాలు పోయాలి కదా. చేతులు ఎత్తినప్పుడు చంక దగ్గర పట్టేస్తే, మీద మగ్గం వర్కు బిగువు కూడా చేరాక ఆమె తలంబ్రాలు పోయలేకపోతుంది. పుస్తె ముడి పడేది మెడ వెనక. అక్కడ గరుకు జర్దోసీ, పెద్ద కుందన్లు ఉంటే పుస్తెలతాడు వాటికి చిక్కుకుంటుంది, మెడ ఒరుసుకుపోతుంది. వీపు మీద ఎంత పని చేయించుకున్నా, మెడ అంచు మట్టుకు మెత్తటి లైనింగుతో వదిలేయమనండి. దర్జీకి పెళ్లి తంతు వివరంగా చెప్పండి. ఏ వేళకు ఈ జాకెట్టు వేసుకుంటుందో తెలిస్తే మంచి దర్జీ తానే ఉపాయం చెబుతాడు.

కొలతలు ఆది జాకెట్టు ఇచ్చి వదిలేయకండి, ఒంటి మీద తీయించండి. కాలేజీ రోజుల జాకెట్టు ఆదిగా ఇస్తే కాలేజీ రోజుల జాకెట్టే వస్తుంది. పెళ్లినాటికి కొందరు పిల్లలు ఆందోళనతో తగ్గుతారు, కొందరు విందులతో పెరుగుతారు. పక్క కుట్ల లోపల రెండేసి అంగుళాల గుడ్డ వదలమని గట్టిగా చెప్పండి. పెళ్లి చూసి బరువు తగ్గాలని ఆకలితో మాడే అమ్మాయిలకు నా మనవి ఒక్కటే. జాకెట్టు మీ కొలతకు కుడతారు. మీరు జాకెట్టు కొలతకు మారనక్కర్లేదు.

మగ్గం వర్కు బరువు మీద నా అభిప్రాయం దాచుకోను. నేతలో అందం ఉన్న చీరకు నిండా రాళ్లు కుట్టిన జాకెట్టు వేస్తే చూపంతా జాకెట్టు లాగేసుకుంటుంది, చీర చిన్నబోతుంది. పోచంపల్లికి అంచు రంగులో సాదా పట్టు జాకెట్టు, చేతుల చివర సన్నటి జరీ పని, అంతే చాలు. ఆ కుందన్లు పూసలు రెండు మూడు సార్లు వేసుకునేసరికి రాలతాయి. నేత రాలదు.

కొత్తది నేయించనక్కర్లేని ఇళ్లు కూడా ఉన్నాయి. అమ్మ పెళ్లి చీర బీరువాలో ఉంటే ముందు అది తీయండి. వీధుల్లో "పాత పట్టుచీరలు కొంటాం" అని తిరిగేవాళ్లు ఊరికే తిరగరు. ఆ కాలపు జరీలో వెండి ఉంది. మడతలు విప్పి, వెలుతురుకు పట్టి చూడండి. మడత గీతల వెంట పట్టు చీలుతూ ఉంటే అది చీరగా కట్టడానికి పనికిరాదు. అంచూ కొంగూ బాగుంటే వాటిని కొత్త పట్టు ఒడలికి కుట్టించుకోవచ్చు. అమ్మ అంచుతో కూతురి పెళ్లి చీర అన్నమాట. ఈ పనికి బొటిక్ కన్నా రఫూ తెలిసిన పాతకాలపు దర్జీ మేలు.

మన పక్కింటి ముస్లిం పెళ్లికూతురి ఖడా దుపట్టా ముచ్చట కూడా చెప్పాలి. హైదరాబాదుకే సొంతమైన పెళ్లిబట్ట అది. పొడవాటి దుపట్టా, కుర్తా, చూడీదార్, మీద కార్చోబీ పని. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో ఈ పని చేసే కుటుంబాలున్నాయి. మన జాకెట్ల మీది మగ్గం వర్కు, వాళ్ల కార్చోబీ దగ్గరి చుట్టాలు. మంచి చేతిపని కావాలంటే మన అమ్మాయిలు కూడా ఆ గల్లీల దాకా వెళ్లొచ్చు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి మలక్‌పేటలో దిగితే అక్కణ్నుంచి ఆటో దూరమే.

డబ్బు మాట చివరికి అట్టే పెట్టాను. చీర ఖరీదులో నూలు ఉంది, జరీ ఉంది, రంగు ఉంది, ఇంటిల్లిపాది పని ఉంది. ఆర్డరు ఇచ్చేటప్పుడే ధర ఖాయం చేసుకోండి, అప్పుడు ఎంతైనా మాట్లాడండి. నూలు కొనడానికి సరిపడా అడ్వాన్సు ఇవ్వండి. చీర రకం, పొడవు, రంగులు, జరీ రకం, ఇచ్చే తేదీ, మిగతా డబ్బు అన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ఇచ్చే తేదీ పెళ్లికి నెల ముందు ఉండాలి. ఎందుకంటే జాకెట్టు గుడ్డ ఆ చీరతోనే వస్తుంది, దాని తర్వాతే దర్జీ పని. చీర తయారయ్యాక ధర తగ్గించమని అడగకండి. మీకోసమే నేసిన రంగు, మీకోసమే నేసిన కొంగు. వాళ్లు దాన్ని ఇంకెవరికి అమ్ముకుంటారు? ఆ నిస్సహాయత మీద బేరం ఆడటం తగదు.

చీర తెచ్చుకునే రోజున పగటి పూట వెళ్లండి. ఆరుబయట, ఎండ వెలుతురులో ఈ కొస నుంచి ఆ కొస దాకా విప్పి చూడండి. అక్కడక్కడా చిన్న ముడి, పోగు ఎత్తుపల్లం ఉంటే అది చేతి పని గుర్తు, లోపం కాదు. రంగు చెదిరిన మచ్చ, తెగిన పడుగు ఉంటే అప్పుడే చెప్పండి, వాళ్లే సరిచేస్తారు. అడ్వాన్సు పోగా మిగతాది అక్కడికక్కడే ఇచ్చేయండి. చివరగా ఒకటి అడగండి: ఆ చీర నేసిన పడుగు నూలు, పేక నూలు తలా ఒక చిన్న చిలప. రేపు పెళ్లి సందడిలో కాలి మట్టె తగిలి చీర ఎక్కడైనా చిరిగితే, అదే రంగు పట్టుపోగు దిల్‌సుఖ్‌నగర్ అంతా వెతికినా దొరకదు. ఆ చిలపను జాకెట్టు గుడ్డతో పాటు కాటన్ సంచిలో పెట్టండి. పట్టును ప్లాస్టిక్ కవరులో ఉంచకండి. ఫాల్ కుట్టించేముందు ఫాల్ గుడ్డను ఒకసారి నీళ్లలో ముంచి ఆరబెట్టండి, లేకపోతే తర్వాత అది కుంచించుకుపోయి చీర అంచు ముడతలు పడుతుంది.